తెర మీద లేని పడవలు

మొన్నీమధ్య హాంబర్గ్‌లో చదువుకునే మన పిల్లలూ, బ్లూ కార్డు అనే ఇక్కడి వర్క్ పర్మిట్ మీద ఉద్యోగాలు చేసేవాళ్ళూ కొందరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. ముద్దపప్పు, గుత్తి వంకాయ అయ్యాక ఒకబ్బాయి అడిగాడు: "ఆంటీ, అన్నేళ్ళు ఓడల కంపెనీలో చేశారు కదా, ఒక్కసారైనా ఓడ ఎక్కారా?"

ఎక్కలేదు బాబూ అన్నాను. ఎల్బె నది దాటించే పడవ ఎక్కితేనే నాకు కడుపులో తిప్పేస్తుంది. అందరూ నవ్వారు. "అయితే భయపడే పరిస్థితి ఎప్పుడూ వచ్చి ఉండదు లెండి, ఆఫీసు ఉద్యోగమేగా" అన్నాడు ఆ అబ్బాయి పెరుగు వేసుకుంటూ. ఆ మాటకు నాకు చురుక్కుమంది. భోజనాల దగ్గర చెప్పే సంగతి కాదని ఊరుకున్నాను. ఇప్పుడు స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను, ఆ అబ్బాయితో పాటు మీరూ చదవండి.

మా కంపెనీకి సొంత ఓడలు లేవు. ఇతరుల ఓడల బాగోగులు చూడడం మా పని. సిబ్బందిని పంపడం, మరమ్మతులు చేయించడం, ఏ రేవులో ఏ తనిఖీ ఉందో చూసుకోవడం. నా బల్ల మీదికి వచ్చేది సిబ్బంది వ్యవహారం: ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎవరి సర్టిఫికెట్ ముగుస్తోంది, ఎవరి భార్యకు నెలలు నిండాయి. నేను విశాఖపట్నం నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చినప్పుడు ఆఫీసు భవనం మొత్తంలో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే. అందుకని ఆంధ్రా కెప్టెన్లు ఎవరు ఫోన్ చేసినా, కష్టమైనా సుఖమైనా, ముందు నన్నే అడిగేవాళ్ళు. రాను రాను అది ఆఫీసు పద్ధతే అయిపోయింది.

తర్వాత కాలం మారింది. మన పిల్లలు ఇక్కడి యూనివర్సిటీలకు విమానాల కొద్దీ దిగడం మొదలుపెట్టారు. చదువు కాగానే బ్లూ కార్డు, ఉద్యోగం, అద్దె ఇల్లు, ఆ తర్వాత పిల్లలకు కిటాలో, అంటే ఇక్కడి శిశువిహారంలో, సీటు కోసం పరుగులు. మా ఆఫీసుకీ ఒక కరీంనగర్ అమ్మాయి వచ్చింది. దక్షిణ జర్మనీలోని గార్చింగ్‌లో మాస్టర్స్ చేసి, హాంబర్గ్ వానను తిట్టుకుంటూ చేరింది. ఓడలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో గోడంత తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ ఆమె చూసేది. చురుకైన పిల్ల. ఎవరు ఏ మార్పు అడిగినా "అయితది" అనేసేది. నేను తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాకపోయినా, ఆమె మొహం చూసి అందరూ సరేననుకునేవాళ్ళు.

ఆ తెర సంగతి కాస్త చెప్పాలి. సముద్రంలో వెళ్ళే ప్రతి ఓడా తన ఉనికిని రేడియో సంకేతంగా పంపుతూ ఉంటుంది. అవన్నీ మా తెర మీద చుక్కలై కనిపిస్తాయి. చేపల పడవలు కూడా చాలావరకు పంపుతాయి. ఆసియా తీరాల వైపు చూస్తే పసుపు చుక్కలు ఆవాలు ఒలికినట్టు ఉండేవి, అందులో మా ఓడ ఏదో వెతుక్కోవాల్సి వచ్చేది. మా విభాగం పెద్దకు అది అసలు నచ్చేది కాదు. ఆయన జర్మన్ మనిషి, మంచివాడు, తన పుట్టినరోజుకు తనే యాపిల్ కేకు చేసుకొచ్చి అందరికీ పంచేవాడు. కానీ బల్ల మీద పెన్ను వంకరగా ఉన్నా సరిచేసే రకం. కస్టమర్లు చూడ్డానికి వచ్చినప్పుడు తెర శుభ్రంగా ఉండాలన్నాడు. అందరం తలూపాం. గాజు సీసాలు ఒక డబ్బాలో, కాగితాలు ఇంకో డబ్బాలో వేసే దేశం కదా, చేపల పడవలను కూడా అలాగే వేరుచేసి పక్కన పెట్టించాం. మా అమ్మాయి "అయితది" అంది. రెండు రోజుల్లో పసుపు చుక్కలు మాయమయ్యాయి, నీలం సముద్రంలో మా ఓడలు, అక్కడక్కడా ఇతర పెద్ద ఓడలు మాత్రం ముచ్చటగా తేలుతూ కనిపించాయి. కావలసినవాళ్ళు మళ్ళీ తెప్పించుకునేందుకు సెట్టింగుల్లో ఒక మూల చిన్న బటన్ ఉంచింది. దాని జోలికి ఎవరం పోలేదు. అలాంటిది ఒకటి ఉందనే మరిచిపోయాం.

ఇక ఆ ఓడ గురించి. సముద్రం అడుగున ఏముందో కొలిచే సర్వే ఓడ అది. వెనక ఒక కేబుల్‌ను కిలోమీటర్ల పొడవున ఈడ్చుకుంటూ నెమ్మదిగా నడుస్తుంది. ఆ కేబుల్ ఉన్నంతసేపు చటుక్కున ఆగడానికి లేదు, గిరుక్కున తిరగడానికి లేదు. దక్షిణ చైనా సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న దేశం తన తీరానికి ఎదురుగా కొలవమని దాన్ని కుదుర్చుకుంది. ఆ నీళ్ళు చట్టం ప్రకారం తమవని ఆ దేశం అంటుంది. అనాదిగా తమవని చైనా అంటుంది. ఇవన్నీ పేపర్లో చదివే గొడవలు, మనకెందుకు అన్నట్టు ఉండేది మా ఆఫీసులో.

కెప్టెన్ భీమునిపట్నం వాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఏళ్ళ తరబడి ఫోన్‌లో మాట్లాడుకున్నాం. తుఫానులో ఉన్నప్పుడు కూడా "ఏటక్కా, భోంచేసేరా?" అనే మొదలుపెట్టేవాడు. అతను గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు.

ఆ రోజు పొద్దున నేను కాఫీ కూడా తాగలేదు, ఫోన్ మోగింది. అక్కడ వాళ్ళకు మధ్యాహ్నం దాటింది. భోంచేసేరా అని అడగలేదు.

"అక్కా, పెద్దాయన్ని పిలండి. చుట్టుముట్టేసేరు."

"ఎవరు?"

"చైనా పడవలు. పొద్దున్నించి ఒక్కోటీ వచ్చి చేరతన్నాయి. పెద్ద తెల్ల గస్తీ ఓడొకటి పక్కనే నడస్తంది. ఇయి మా నీళ్ళు, ఎళ్ళిపొండని రేడియోలో ఒకటే పాట."

నేను పెద్దాయన్ని పిలిచి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాను. ఆయన తెర ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకున్నాడు. మేమందరం చూశాం. నీలం సముద్రం. మధ్యలో మా ఓడ. దానికి కొంచెం దూరంలో గస్తీ ఓడ చుక్క, ఒక్కటంటే ఒక్కటి. అది మూడు నాలుగు రోజులుగా వెంట తిరుగుతున్నదే.

"కెప్టెన్, నాకు ఒక్క ఓడే కనిపిస్తోంది" అన్నాడు పెద్దాయన, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

"సార్, నా కళ్ళతో చూస్తున్నాను. లెక్కపెట్టడం మానేశాను."

"రేడియోలో బెదిరింపులు మామూలే కదా. గీత పూర్తి కావడానికి కొద్ది గంటలే ఉంది. వేగం తగ్గించకుండా కొనసాగండి."

సర్వే వాళ్ళ భాషలో గీత అంటే ఓడ ఏమాత్రం వంగకుండా తిన్నగా నడవాల్సిన దారి. మధ్యలో ఆపితే ఆ రోజు పని మొత్తం వృథా. కాగితం మీద ఓడకు కెప్టెనే రాజు, కేబుల్ తెంచుకుని వెళ్ళిపోయే హక్కు అతనికి ఉంది. కానీ హాంబర్గ్ నుంచి కొనసాగండి అన్నాక, సముద్రం ఖాళీగా ఉందన్నాక, అంత ఖరీదైన కేబుల్‌ను తెంచే రాజు ఎవరు? తెంచితే రేపు అతని మాటను ఎవరు నమ్ముతారు?

పెద్దాయన ఫోన్‌ను ఒక్క క్షణం మ్యూట్ చేసి నా వైపు తిరిగాడు. "ఈయన ఓడ మీద ఎన్నాళ్ళ నుంచి ఉన్నాడు? అలసిపోయాడేమో?" అన్నాడు. అలసిపోయాడు అంటే బెదిరిపోయాడని అర్థం. నాకు ఒళ్ళు మండింది. "ఈయన బెదిరే మనిషి కాదు" అన్నాను. అన్నాను గానీ నా కళ్ళు తెర మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా తెలిసిన మనిషి గొంతు ఒకటి చెబుతోంది, గోడంత తెర ఇంకొకటి చెబుతోంది. దేన్ని నమ్మాలో నాకు ఆ నిమిషాన నిజంగా తెలియలేదు.

ఫోన్‌లో మళ్ళీ తెలుగు. "అక్కా, మీకు కనబడ్డం లేదా? నిజంగా కనబడ్డం లేదా? వెనకాల కేబుల్ మీంచి అడ్డంగా దాటతన్నారు. డెక్కు మీద నా మనుషులున్నారు!"

అరిచాడు. అతను అరవడం నేను వినడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి తడిసిన కోటుతో లోపలికి వచ్చింది. సైకిల్ మీద వచ్చేది, అందుకే రోజూ ఆలస్యం. అందరూ తెర ముందు నిలబడి ఉండడం చూసి "ఏమైంది ఆంటీ?" అంది. పడవలు చుట్టుముట్టాయంటున్నాడమ్మా, ఇక్కడేమో ఒక్కటీ లేదు అన్నాను.

"ఎసుంటి పడవలు?"

నాకేం తెలుసు? ఫోన్‌లో మ్యూట్ తీసి అతన్నే అడిగాను.

"చేపల పడవలక్కా! పేరుకి చేపల పడవలు. వల లేదు, పాడు లేదు, ఉక్కు ముక్కులున్నాయి."

ఆ అమ్మాయి మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. "చాపల పడవలా? ఆంటీ, గవి మనం దాచిపెట్టినం కదా" అంది. బ్యాగు నేల మీద పడేసి కంప్యూటర్ దగ్గరకు పరిగెత్తింది.

తెర ఒక్కసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. ముందు పసుపు చుక్కలు కొన్ని. తర్వాత ఇంకొన్ని. తర్వాత మా ఓడ ముందు, వెనక, రెండు పక్కలా, కేబుల్ పొడవునా పసుపే. మా ఓడ చుక్క వాటి కింద పడి ఇక కనిపించలేదు. చేపలు పట్టే పడవలు చేపలున్న చోట చెదురుమదురుగా తిరుగుతాయి. ఇవి వరస కట్టి ఉన్నాయి. వాటికి ఎవరో బల్ల ముందు కూర్చుని చోట్లు కేటాయించినట్టు ఉంది.

"మైన్ గాట్" అన్నాడు పెద్దాయన. దేవుడా అని. వెంటనే ఫోన్ మీదికి వంగి, "తెంచెయ్యండి, కెప్టెన్! కేబుల్ తెంచెయ్యండి!" అని కేక పెట్టాడు.

అవతల నుంచి జవాబు రాలేదు. ఏదో పెద్ద చప్పుడు, మనుషుల అరుపులు, ఇంజిన్ రొద. ఎంతసేపటికో అతని గొంతు వచ్చింది, మామూలు గొంతే, అందుకే మరీ భయమేసింది.

"తెంచేసేనక్కా. మీరు చెప్పకముందే తెంచేసేను. కాపోతే కాస్త ఆలస్యమైంది. ఓ పడవ కేబుల్‌ని లాక్కుపోయింది. విదిల్చి కొట్టింది. మావాడొకడి కాలు విరిగింది."

ఆ ఒకడు ఫిలిప్పీన్స్ మనిషి, డెక్కు పని చేసేవాడు, నలుగురు పిల్లల తండ్రి. అతని కాగితాలు సరిచూసి ఓడ ఎక్కించింది నేనే. ఆ కాస్త ఆలస్యం ఎక్కడ జరిగిందో మా గదిలో అందరికీ తెలుసు. ఖాళీ సముద్రాన్ని చూస్తూ, అలసిపోయాడేమో అని మేం చర్చించుకుంటున్నప్పుడు జరిగింది.

కేబుల్ పోయాక పడవలు దారి ఇచ్చాయి. ఓడ దగ్గరి రేవుకు చేరింది. కాలికి ఆపరేషన్ అయింది. ప్రాణాలు దక్కాయి కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. అసలు దెబ్బ ఇంకా పడలేదని నాకు అప్పటికి తెలియదు.

మా కంపెనీ చూసే ఇంకో ఓడ, ఈ సర్వేతో సంబంధమే లేని సరుకు ఓడ, ఆ వారం ఒక చైనా రేవులో ఉంది. దానికి తనిఖీ వచ్చింది. తనిఖీలు మామూలే. మొదటి రోజు లైఫ్ బోటు తాళ్ళు బాగాలేవన్నారు. మార్పించాం. మర్నాడు నిప్పార్పే గొట్టాలన్నారు. ఆ తర్వాత వంటగదిలో ఫ్రిజ్ తలుపు. ఆ పైన సిబ్బంది టీకా కార్డుల్లో సంతకాలు. సరుకు అలాగే ఉంది, ఓడ కదలడం లేదు, సరుకు తాలూకు మనుషులు ఫోన్లు చేసి మమ్మల్ని తినేస్తున్నారు. సర్వే ఓడ మాట ఎవరూ ఎత్తలేదు. ఒక్క ఉత్తరం రాలేదు, ఒక్క హెచ్చరిక లేదు. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో ఈ రోజుకీ నేను ప్రమాణం చేసి చెప్పలేను.

అదే వారంలో, సర్వే చేయించుకున్న ఆ చిన్న దేశం వాళ్ళు మాకు రాశారు. జరిగినదాని మీద ఫిర్యాదు చేయబోతున్నాం, ఆ సమయంలో ఓడ చుట్టూ ఏమేమున్నాయో మీ రికార్డు పంపండి అని.

పెద్దాయన నన్నూ అమ్మాయినీ తన గదిలోకి పిలిచాడు. ఆ వారంలో మనిషి చిక్కిపోయాడు, బల్ల మీద సరుకు ఓడ తనిఖీ కాగితాలు పరుచుకుని ఉన్నాయి. "నేను ఏమీ చెరిపెయ్యమనడం లేదు" అన్నాడు. "ఆ రోజు మనం చూసిన తెర ఏదో అదే పంపుదాం. మొదట చూసినది. అది అబద్ధం కాదు కదా? మనం చూసింది అదే."

చేపల పడవలు లేని తెర. శుభ్రమైన నీలం సముద్రం.

అది వెళితే కెప్టెన్ సంగతేమిటి? ఖాళీ సముద్రంలో నిష్కారణంగా కేబుల్ తెంచి పారేసిన పిరికివాడవుతాడు. ఇన్నేళ్ళ పేరు మట్టిలో కలిసిపోతుంది. ఆ మాట అన్నాను. నీటి అడుగున ఏదో తగిలి కేబుల్ చిక్కుకుందని రాద్దాం, అతని మీద మచ్చ రాకుండా నేను చూసుకుంటాను అన్నాడు పెద్దాయన. నా మొహంలోకి చూడలేదు.

బయటికి వచ్చాక అమ్మాయి ఉడికిపోయింది. "గదేంది ఆంటీ! ఫిల్టర్ తీస్తే అన్నీ ఉన్నయి. నేను మొత్తం పంపుత. ఏం చేస్తడో చెయ్యనీ."

"బ్లూ కార్డు కొత్తది కదమ్మా. ఉద్యోగం పోతే విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ల చుట్టూ తిరగాలి."

"తిరుగుత. ఆ మనిషి కాలు ఇరిగింది ఆంటీ. నేను పెట్టిన ఫిల్టర్ తోని."

ఈ కాలం పిల్లలకు ప్యాకేజీలు తప్ప ఏమీ పట్టవని అంటుంటాం కదా, సిగ్గుపడ్డాను. నీతో పాటు నా పేరూ పెట్టమన్నాను. పంపే ముందు కెప్టెన్‌కి చెప్పాలనిపించింది. నీ మాట నిలబెడుతున్నాం తమ్ముడూ అని చెబితే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను. అప్పటికి అతను సెలవు మీద సొంతూరు భీమిలి వెళ్ళిపోయాడు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేశాను.

అంతా విన్నాడు.

"ఒద్దక్కా" అన్నాడు.

"అదేమిటయ్యా?"

"ఏదో తగిలి చిక్కుకుందని రాసీండి. పడవలు లేవనీండి. నేనూ అదే రాసిచ్చేస్తాను."

"కనబడ్డం లేదా అని నువ్వే కదా అంత అరుపు అరిచావు!"

"అరిచేను. అప్పుడు మనుషులు డెక్కు మీదున్నారు, అరిచేను. ఇప్పుడందరూ ఒడ్డుకొచ్చేసేరు. నా పేరు ఆ ఫిర్యాదులోకెక్కితే నన్ను ఏ ఓడెక్కిస్తారు చెప్పండి? ఇవాళ సముద్రం మీదున్న ఓడల్లో ఆ రేవులకి పోనివెన్ని? నాకింకా పదేళ్ళ సర్వీసుంది. ఆ కాలిరిగినోడికీ ఓడ కావాలి, బాగయ్యేక."

"నీకెవరైనా ఫోన్ చేశారా? బెదిరించారా?"

"ఎవరక్కా? ఎవరూ చెయ్లేదు." ఆ తర్వాత, నేను ఆశించని చోట, మామూలుగా అడిగాడు: "భోంచేసేరా?"

ఫోన్ పెట్టేశాను. ఓడ చుట్టూ పడవలు చూసినప్పుడు నాకు వేసింది భయం. ఇప్పుడు పట్టింది అది కాదు. నమ్మమని ప్రాణం పెట్టి అరిచిన మనిషే, నమ్మొద్దని బతిమాలుతున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు ఒక్క మాట దొరకలేదు.

అమ్మాయి లేచి వెళ్ళి శుభ్రమైన తెరనే పంపింది. ఆ చిన్న దేశం వాళ్ళు మర్యాదగా జవాబు రాశారు: మీ సహకారానికి కృతజ్ఞతలు, మీ రికార్డులో ఏ పడవలూ లేవు కనుక ఫిర్యాదును ఇంతటితో ఆపుతున్నాం అని. కొన్నాళ్ళకు మా సరుకు ఓడకు తనిఖీలు అయిపోయాయి, రేవు వదిలింది. ఆ రోజు ఆఫీసులో ఎవరూ సంబరపడలేదు.

ఆ సాయంత్రం ఆఫీసు ముందు బస్సు కోసం నిలబడ్డాం, నేనూ ఆ అమ్మాయీ. గాలికి గొడుగులే నిలవడం లేదు, ఆమె సైకిల్ ఆఫీసులోనే వదిలేసింది. ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"ఆంటీ, గిట్ల చెయ్యమని మనకు ఎవరు చెప్పిన్రు?"

నేను ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. చైనా నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పెద్దాయనకు ఎవరూ రాయలేదు. కెప్టెన్‌ను ఎవరూ బెదిరించలేదు. మా ఇద్దరితోనైతే ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

"ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాను.